టోనీ ఎర్డ్‌మాన్ (2016) అసలు కామెడీయేనా? చూసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
మారెన్ ఆడె తీసిన ఈ జర్మన్ సినిమా, టోనీ ఎర్డ్‌మాన్ అనే మారుపేరుతో, మారువేషంలో కూతురి వెంటపడే తండ్రి కథట, ఈ ఆదివారం అమ్మానాన్నలతో చూద్దామనుకుంటున్నా. ఇంట్లో అందరితో చూడొచ్చా? 162 నిమిషాలు కూర్చోగలమా? సీన్లన్నీ అప్పటికప్పుడు అనుకుని చేసినవని ఎక్కడో చదివాను, నిజమేనా?

స్టుట్‌గార్ట్ సుబ్బు:
నిడివి సమస్యే కాదు, మనం మూడు గంటల సినిమాలు చూసి పెరిగినవాళ్లం. నేనూ కన్సల్టింగ్‌లోనే ఉన్నా, నాకు మాత్రం కన్సల్టెంట్‌గా పనిచేసే ఆ కూతురు ఇనెస్ ఆఫీసు సీన్లే గుచ్చుకున్నాయి. బుకారెస్ట్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగాలు బయటి సంస్థలకు అప్పగించే ప్లాన్ తయారుచేస్తూ, క్లయింట్ భార్యని షాపింగ్‌కి తీసుకెళ్లమంటే కూడా నవ్వు మొహంతో వెళ్తుంది చూడండి, ఆ నవ్వు నాకు బాగా తెలుసు. సినిమా అయ్యాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

రీలుబాబు:
ఇంప్రొవైజేషనే బ్రో, డౌటే లేదు. ఈస్టర్ గుడ్లకు రంగులేసే ఇంట్లో తండ్రి కీబోర్డు వాయిస్తుంటే ఇనెస్‌గా చేసిన సాండ్రా హ్యూలర్ విట్నీ హ్యూస్టన్ పాట అందుకుంటుంది కదా, అలాంటిది కాగితం మీద రాసి చేయించగలరా?

కత్తెర:
రాసే చేయించారు. నేను ఎడిటింగ్ రూముల్లో బతికినవాణ్ని, చెప్తున్నా వినండి. ఆడె ముందే పూర్తి స్క్రిప్టు రాసుకుని, రిహార్సల్స్ చేయించి, ఒక్కో సీన్‌కి టేకుల మీద టేకులు తీస్తుంది. వంద గంటలకు పైగా ఫుటేజ్ వచ్చింది, దాన్ని కోయడానికే ఏడాది దాటింది. మీకు సహజంగా కనిపిస్తున్నదంతా ఆ కష్టమే. ‘అలా జరిగిపోయింది’ అంటే రచయితని అవమానించినట్టే.

రీలుబాబు:
అవమానం ఏముంది ఇందులో? అన్ని టేకుల్లో నటులు కొత్తగా ఏదో ఒకటి చేస్తేనే కదా వంద గంటలు వచ్చేది! ఎడిటింగ్ తెలిసినంత మాత్రాన సినిమా అంతా మీకే తెలిసినట్టు మాట్లాడకండి.

కత్తెర:
డైలాగ్ మార్చకుండా చేసే చిన్నాచితకా మార్పు వేరు, ఇంప్రొవైజేషన్ వేరు. ఈ తేడా తెలియకుండా వాదనకి రావద్దు.

మల్లెతీగ:
మీ ఇద్దరూ కాసేపు ఆగండి బాబూ. తండ్రి వేషంలోని పెట్టుడు పళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? దర్శకురాలు ఒక సినిమా ప్రీమియర్‌లో దొరికిన బొమ్మ పళ్లు వాళ్ల నాన్నకిస్తే, ఆయన వాటితోనే అందరినీ ఆటపట్టించేవారట, ఈ పాత్ర అక్కడ పుట్టింది. తండ్రిగా చేసిన పీటర్ సిమోనిషెక్ వియన్నా బుర్గ్‌థియేటర్‌లో పేరు మోసిన నాటకాల నటుడు. అంతటి నటుడు, వేషం వేయడం సరిగా రాని మ్యూజిక్ టీచర్‌లా వేషం వేయాలి! 2023 మేలో ఆయన పోయారని తెలిసినప్పుడు మా నాన్న గుర్తొచ్చి ఏడ్చేశాను. ఆయనా పెళ్లిళ్లలో అందరి ముందూ నన్ను ఇలాగే ఇబ్బంది పెట్టేవారు.

బెర్లిన్ పిల్ల:
కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ ఒక్క అవార్డూ ఇవ్వలేదు, విమర్శకులు మాత్రం తమ సమాఖ్య ఫిప్రెస్కి తరఫున బహుమతి ఇచ్చారు. ఆ కోపం నాకింకా పోలేదు. అదే ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో సినిమా, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, నటుడు, నటి, ఐదూ దీనికే. స్క్రీన్‌ప్లేకి కూడా, రీలుబాబు గారూ.

మాస్ మహేష్:
జర్మనీలో జనం చూసే కామెడీ ఇది కాదు. 2013లో వచ్చిన జర్మన్ కామెడీ ‘ఫక్ యు గోటె’కి జర్మనీలో డెబ్బై లక్షలకు పైగా టికెట్లు తెగాయి. హాలంతా నవ్వితేనే నా లెక్కలో కామెడీ. దీంట్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా లేదు, ఎక్కడ నవ్వాలో ఎవడికి తెలుస్తుంది?

బెర్లిన్ పిల్ల:
మ్యూజిక్ చెప్తేగానీ నవ్వు రాదా మీకు? నేను హాల్లోనే చూశాను. పుట్టినరోజు పార్టీ సీన్‌లో జనం పడీపడీ నవ్వారు.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
ఆ పార్టీ అంటే గుర్తొచ్చింది, గోదారిగట్టు గారూ, అందులో ఇనెస్ బట్టల్లేకుండా తలుపు తీస్తుంది, వచ్చినవాళ్లనీ విప్పేసి రమ్మంటుంది. ముందు మీరొక్కరే చూడండి.

గోదారిగట్టు:
అమ్మో! ఇందాకే నాన్నకి లింక్ పంపేశాను.

మల్లెతీగ:
పంపితే పంపారు, నాన్నని చూడనివ్వండి. అదే సీన్‌లో తండ్రి బల్గేరియాలో దెయ్యాల్ని తరమడానికి వేసే కుకేరి వేషం వేసుకుని, ఒళ్లంతా బొచ్చుతో, ఒక్క మాట మాట్లాడకుండా వస్తాడు. తర్వాత పార్కులో కూతురు పరుగెత్తుకెళ్లి వాటేసుకుంటుంది. అక్కడిదాకా చూడమని మాత్రం చెప్పండి.

రీలుబాబు:
ఆ వాటేసుకోవడం కూడా స్క్రిప్టులో ఉందంటారా కత్తెర గారూ?

కత్తెర:
ఉంది.