ఏడాదిలో రెండుసార్లు గ్యాస్ నింపించినా ఏసీ చల్లబరచడం లేదు: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (విజయవాడ)

మాది అపార్ట్‌మెంటులో పై అంతస్తు. పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ఉంది. ఆర్32 గ్యాస్‌తో నడుస్తుంది, 2021లో కొన్నాము. నిరుడు జూన్‌లో చల్లదనం తగ్గితే మెకానిక్ వచ్చి, గ్యాస్ అయిపోయిందని చెప్పి నింపి వెళ్లారు. ఈ ఏప్రిల్ చివర మళ్లీ అదే ఇబ్బంది, మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఖర్చు. పది పన్నెండు రోజులు బాగానే పనిచేసింది. ఇప్పుడు 24లో పెట్టి మూడు గంటలు నడిపినా గది 29 డిగ్రీల కంటే కిందికి దిగడం లేదు. జాలీలు రెండు వారాలకోసారి కడుగుతూనే ఉన్నాను. నిన్న సాయంత్రం డాబా మీదికి వెళ్లి చూస్తే, బయటి యూనిట్‌కు బిగించిన రెండు రాగి గొట్టాల్లో సన్నదానికి నట్టు దగ్గర తెల్లగా మంచు పట్టి ఉంది. లావు గొట్టం మాత్రం చేతికి చల్లగా కూడా తగలలేదు. ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మగారు ఆ గదిలోనే ఉంటారు కాబట్టి ఈ ఎండల్లో చాలా ఆందోళనగా ఉంది. అసలు ఏసీలో గ్యాస్ ఏడాదికోసారి అయిపోతుందా? మూడోసారి నింపించమంటారా, కొత్తది కొనమంటారా?

జవాబు (రాజమహేంద్రవరం, ఏసీ మెకానిక్)

గ్యాస్ దానంతట అది అయిపోదండీ. ఇంట్లో ఫ్రిజ్‌కు మనం ఏటా గ్యాస్ నింపించడం లేదు కదా, ఏసీ కూడా అంతే. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, ఆ చోటు పట్టుకోకుండా నింపితే ఆ డబ్బు గాలిలో కలిసిపోయినట్టే.

మీరు చూసిన మంచు చాలా విలువైన ఆనవాలు. స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ పీడనం తగ్గే భాగం సాధారణంగా బయటి యూనిట్‌లోనే ఉంటుంది కనుక, గ్యాస్ తక్కువైనప్పుడు సన్న గొట్టం మొదట్లోనే మంచు కడుతుంది. ఉన్న కాస్త గ్యాస్ లోపలి కాయిల్ మొదటి వరసల్లోనే ఆవిరైపోయి, లావు గొట్టంలోకి వచ్చేసరికి చల్లదనం మిగలదు. అలా కాకుండా లోపలి కాయిల్ మొత్తం గడ్డకట్టి, లావు గొట్టం మీద కూడా మంచు పేరుకుని ఉంటే నేను ముందుగా జాలీలను, బ్లోయర్‌ను అనుమానించేవాడిని.

కారే చోటు చాలావరకు గొట్టాల చివర బిగించే నాలుగు నట్ల దగ్గరే దొరుకుతుంది: రెండు బయటి యూనిట్ దగ్గర, రెండు లోపలి యూనిట్ వెనక. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి అక్కడ జిడ్డు మరక కనిపిస్తుంది. సబ్బు నురుగు రాస్తే బుడగలు వస్తాయి. లోపలి నట్లను టేపు చుట్టి గోడ వెనక దాచేస్తారు గనుక చాలామంది విప్పి చూడరు, మీరు పట్టుబట్టి విప్పించండి. నట్టును ఇంకాస్త బిగించి సరిపెట్టవద్దు, గొట్టం అంచు పగిలి ఉంటే కోసి కొత్తగా ఫ్లేర్ చేయాలి, అంటే నట్టులో గట్టిగా కూర్చునేలా అంచును గరాటులా విప్పార్చాలి. తర్వాత నైట్రోజన్‌తో పీడనం పెట్టి నిలుస్తుందో లేదో చూసి, వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగేసి, బయటి యూనిట్ రేకు మీద రాసి ఉన్నన్ని గ్రాముల గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, దానితో పాటు గ్యాస్ పీడనం చూపే మీటరు ముల్లూ మారుతుంది, అందుకే ముల్లు ఒక్కటే చూసి నింపితే లెక్క తప్పుతుంది. ఆర్32కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గరలో మంట పెట్టనివ్వకండి.

జవాబు (హైదరాబాద్)

పై వారు చెప్పినది సరైనదే అయినా ఒక్క మాట అడగాలనిపించింది. రాత్రి పూట కూడా ఇలాగే ఉంటోందా? మా ఇంట్లో మధ్యాహ్నం మాత్రమే చల్లబడేది కాదు, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసి వచ్చేది. మేమూ గ్యాస్ అనుకున్నాము. చివరికి చూస్తే, బయటి యూనిట్ ఉన్న బాల్కనీకి పావురాల కోసం వల కట్టించి, దాని ముందే బట్టలు ఆరేసే స్టాండు పెట్టుకున్నాము. యూనిట్ వదిలిన వేడి గాలి బయటికి పోయే దారి లేక, దానినే మళ్లీ వెనక నుంచి పీల్చుకుంటోంది. స్టాండు తీసేసి, కాయిల్ రెక్కల్లో పేరుకున్న దుమ్మును నీళ్లతో కడిగించాక సర్దుకుంది. మెకానిక్‌ను పిలిచే ముందు ఇరవై నిమిషాలు ఏసీని 18లో, ఫ్యాన్ పూర్తి వేగంలో నడిపి, లోపలికి పోయే గాలిని, బయటికి వచ్చే గాలిని థర్మామీటరుతో కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే.

ప్రశ్న అడిగినవారి నుంచి (ఆరు రోజుల తర్వాత)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా యూనిట్ డాబా మీద ఆరుబయటే ఉంది, రాత్రి కూడా ఇదే పరిస్థితి. కొలిస్తే తేడా 4 డిగ్రీలే వచ్చింది. ఈసారి వేరే మెకానిక్‌ను పిలిచి, గ్యాస్ నింపడానికి కాదు, కారుతున్న చోటు వెతకడానికి రమ్మని ముందే చెప్పాను. బయటి నట్ల దగ్గర బుడగలు రాలేదు. లోపలి యూనిట్‌ను గోడ నుంచి కొంచెం ఎత్తి టేపు విప్పితే, లావు గొట్టం నట్టు దగ్గర నల్ల ఫోమ్ నూనెతో తడిసి వేలికి అంటుకుంది. నురుగు రాయగానే ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి పొంగాయి. నట్టు విప్పి చూపిస్తే, గొట్టం అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. రెండుసార్లు గ్యాస్ నింపినప్పుడు ఈ టేపు ఎవరూ విప్పలేదు.

అంచు కోసి కొత్తగా చేసి, నైట్రోజన్ పెట్టి గంటసేపు చూసి, వాక్యూమ్ చేసి, రేకు మీద ఉన్న తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించారు. ఇప్పుడు తేడా 11 డిగ్రీలు ఉంది, లావు గొట్టానికి చెమట పడుతోంది, సన్నదాని మీద మంచు లేదు. నిన్న రాత్రి అమ్మ 26కు పెంచమని అడిగారు. ప్రతి నెలా మొదటి తేదీన ఇదే కొలత తీసి గోడ క్యాలెండరు మీద రాసి పెడతాను, తేడా తగ్గుతున్నట్టు కనిపిస్తే ఇక్కడే మళ్లీ అడుగుతాను.