గంప ఎత్తడం వేరు, కొంప విడవడం వేరు

పోయిన వారం ఇక్కడ ఒకరు ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ సామెతకు అర్థం అడిగారు. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఆ ఏడు పంట లేనట్టే, గంప నెత్తిన పెట్టుకొని ఊరు విడవాల్సిందేనని చాలామంది రాశారు. ‘ఎత్తరా’ని ఉత్తరతో ప్రాస కలవడానికి ‘ఎత్తర’ చేశారు, అదీ సరే. కానీ మా ఇంట్లో ఈ సామెత ఇక్కడితో ఆగేది కాదు. మా అవ్వ రెండో సగం కూడా చెప్పేది: ‘విశాఖ చూసి విడవరా కొంప.’

మాది తిరుపతికి దగ్గర్లో చెరువు కట్టను ఆనుకొని ఉన్న ఇల్లు. వసారాలో కూర్చుంటే తూము కనిపిస్తుంది. రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా మూడు రాతి పలకలు. నీళ్ళు ఏ పలక దాకా వచ్చాయో చూస్తే చెరువు సంగతి తెలిసిపోతుంది. మా నాయన రోజూ కాఫీ తాగుతూ ముందు దానివైపే చూసేవాడు. ఇప్పుడు నాకూ అదే అలవాటు. క్యాలెండరులో కార్తె మారిన రోజున నీళ్ళు ఎక్కడున్నాయో, ఏ పిట్ట వచ్చిందో ఆ గడిలోనే రాసి పెట్టుకుంటాను.

కార్తెలు తెలియని పిల్లల కోసం ఒక మాట. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. 27 కార్తెలకు ఏడాది పూర్తవుతుంది. ఇది సూర్యుడి లెక్క కాబట్టి తిథుల మాదిరి ముందుకూ వెనక్కూ జరగదు. ఉత్తర ఏటా సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలై 27 దాకా ఉంటుంది. విశాఖ నవంబరు 6 నుంచి 19 దాకా. రెండింటి మధ్య హస్త, చిత్త, స్వాతి. అంటే సామెత మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య ఎనిమిది వారాల దూరం ఉంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఎనిమిది వారాల గురించే.

నైరుతి వానల మీదే బతికే సీమల్లో ఉత్తర దాటితే ఆశ లేదు. మా దగ్గర అలా కాదు. పాత చిత్తూరు జిల్లాకు నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఇంచుమించు సమానంగా వాన ఇస్తాయి. తూర్పున సత్యవేడు, శ్రీకాళహస్తి వైపైతే ఈశాన్యానిదే పైచేయి. ఉత్తర కార్తె అయిపోయేనాటికి మా చెరువులో నీళ్ళు కింది పలకను కూడా అందుకోని ఏళ్ళు చాలా ఉన్నాయి. సగం చెరువు నెర్రెలిచ్చి ఉంటుంది. మిగిలిన మడుగులో కొంగలూ నీటికాకులూ చేపల కోసం కొట్లాడుకుంటుంటాయి. అది చూసి గంప ఎత్తితే తొందరపడినట్టే.

ఆ తరవాత గాలి తూర్పుకు తిరుగుతుంది. కట్ట మీద తూనీగలు మనిషి నడుము ఎత్తున గుంపులు గుంపులుగా తిరుగుతాయి. ఒక సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు. తెల్లారి చూస్తే వసారా నిండా రెక్కలు, చీపురుతో ఊడిస్తే చీపురుకే అతుక్కుంటాయి. స్వాతిలో ముసురు పట్టిందంటే రాత్రంతా కప్పల అరుపు. నీళ్ళు రెండో పలకకు వచ్చాక నామాలకోళ్ళు దిగుతాయి. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లటి నామం. అవి కనిపిస్తే మా అవ్వ “నామాలోళ్ళు వచ్చినారు, ఇంక బయం లేదు” అనేది. చెరువు నిండి మొరవ (మిగులు నీళ్ళు బయటికి పోయే చోటు) పారితే ఊరంతా పసుపు కుంకాలతో కట్ట మీదికి వచ్చేది.

2021 నవంబరు 18న తిరుపతిలో వీధులు ఏరులై పారాయే, అది విశాఖ కార్తె చివర. ఆ తరవాత మూడు రోజులకే తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు కారడంతో, కింద ఊళ్ళను ఖాళీ చేయించారు. మేమూ ఆ రాత్రులు నిద్రపోలేదు, మా కట్ట ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. వానలు లేక వదలాల్సిన కొంపను వాన వల్ల వదులుతామేమోనని మా అమ్మ ఏడ్చింది.

ఇక మాటల సంగతి. ‘ఎత్తు’, ‘విడుచు’ ఒకటి కావు. గంప ఎత్తినవాడు కూలికి పోయి సాయంత్రానికి దించుతాడు. కొంప విడిచినవాడు తిరిగి రాడు, వచ్చినా ఎప్పుడో. ఉత్తర తప్పితే పక్క ఊళ్ళో కూలి వెతుక్కో, విశాఖ కూడా తప్పితేనే ఇల్లు వదులు. మా అవ్వ చెప్పిన రెండు సగాలను కలిపి నేను చదువుకునేది ఇలాగే. మా వైపు రెండో సగం లేకుండా ఈ సామెత చెబితే అది సగం మాటే.

జవాబు (పలమనేరు నుంచి): అన్నా, గంప అంటే విత్తనాల గంప ఎందుకు కాకూడదు? చెనిక్కాయ పోయిన చేలో ఉత్తరకు ఒక పదును పడితే మా తాత ఉలవలు చల్లేవాడు.

నా జవాబు: తమ్ముడూ, నేను ఆలోచించని మాట చెప్పావు. ఉలవలకు అది అదనే, కాదనను. కానీ పక్కనే ‘కొంప’ ఉంది చూడు. ‘విడవరా కొంప’ తోడుగా వచ్చినప్పుడు ఆ గంపలో విత్తనాలు ఉన్నాయనుకోలేను. మొదటి సగం ఒక్కటే వాడే ఊళ్ళలో నీ అర్థం నిలబడుతుంది.

జవాబు (నాయుడుపేట నుంచి): మాకు నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర. గూడబాతులు (పెలికాన్లు) నీళ్ళలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూళ్ళు కడతాయి. చెరువు నిండని ఏడు గూళ్ళూ తక్కువే. పిట్టల రెట్టతో ఆ నీళ్ళు పైరుకు బలమని మా వాళ్ళు చెబుతారు. అవి కూడా ఉత్తరకు రావు, అక్టోబరు దాటాలి.

నా జవాబు: అక్కా, చాలా సంతోషం. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు విశాఖ సగం చెప్పేవాళ్ళా? ఏ మాటలతో చెప్పేవాళ్ళో ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘విడవరా’నా, ‘ఇడవరా’నా, అది కూడా.

ఇవాళ చిత్త కార్తె నాలుగో రోజు. నీళ్ళు కింది పలకకు జానెడు కింద ఉన్నాయి. తుమ్మచెట్టుకు గిజిగాడు అల్లిన గూడు సగంలోనే ఉంది, ఆడపిట్ట వచ్చి చూసి వెళ్ళిపోయింది. గాలి ఇంకా పడమటిదే.