సమస్య: కన్నమున్నట్టి పెట్టెయే ఘనత గాంచె

నిర్వాహకుడు (నల్లగొండ): ఈ వారం ఇచ్చినది తేటగీతి పద్యంలో చివరి పాదం. కన్నం అనగానే దొంగ గుర్తుకు రావడం మన భాషలో సహజమే గాని, కన్నం పడిన పెట్టెకు ఘనత ఎట్లా దక్కిందన్నదే ఇక్కడి చిక్కు. హుండీ, ఓటుపెట్టె అనే తేలిక దారులను ముందే మూసివేస్తున్నాను. స్టీరియోకు తోడుగా ఇంట్లోనే చేసుకొన్న, మంద్రస్వరాలు పలికే స్పీకరు పెట్టె అయిన సబ్‌వూఫర్‌ను వస్తువుగా తీసుకొని పూరించగలరు.

దేవరకొండ సభ్యుడు:

దొంగ వేసెనా యని నవ్వఁ దోటివారు,
గొట్ట మమరిచి నంతనే గొంతు విప్పి,
మంద్ర నాదంబు నిల్లంత మసల నిచ్చి
కన్నమున్నట్టి పెట్టెయే ఘనత గాంచె.

నిర్వాహకుడు: కన్నంలో అమర్చిన గొట్టాన్ని గొంతు చేయడం ఒట్టి అలంకారం కాదు. పెట్టెలోని గాలి స్ప్రింగులాగా, గొట్టంలోని గాలి దానికి కట్టిన బరువులాగా పనిచేసి ఒక స్వరం దగ్గర ఊగుతాయి. స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే కోన్ వెనుకవైపు పుట్టి లోపలే అణగిపోవలసిన ధ్వని ఆ ఊపుతో బయటికి వచ్చి ముందువైపు ధ్వనికి బలమవుతుంది. మీరు అడిగిన దొంగ కూడా దొరికాడు: అమెరికాలో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఈ కన్నానికి 1932లో పేటెంటు సైతం పుచ్చుకొన్నాడు. ‘మసల నిచ్చి’ అన్న మాటకు వేరుగా అభినందన, ఎందుకంటే మంద్రస్వరం ఏ మూల నుంచి వస్తున్నదో చెవి పోల్చుకోలేదు.

నకిరేకల్ సభ్యుడు: పద్యం కుదరలేదు గాని ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఖాళీ అయిన కల్లు లొట్టి మూతి మీద ఊదితే ‘బూఁ’ అని మోగుతుంది. అందులో సగం నీళ్ళు పోసి ఊదితే గాలికి చోటు తగ్గి స్వరం పైకి పోతుంది. పెట్టె చిన్నదైతే బేస్ (మంద్రస్వరం) పైకి జరగడం కూడా ఇదే లెక్క.

మిర్యాలగూడ సభ్యురాలు:

చెక్క లతికిన సందులఁ జిందు గాలి
యీల వేయును, కొలిచిన యిరుకు దారి
నడచు గాలియే పాటకు నడక నేర్పెఁ;
గన్నమున్నట్టి పెట్టెయే ఘనత గాంచె.

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే మేలైన పూరణ అని నా అభిప్రాయం. పగులు వేరు, కన్నం వేరు అన్న భేదం సమస్యలోని విరోధాన్ని వేరుతో సహా తీసివేసింది. అతుకుల సంగతి అనుభవం మీద రాసినట్టున్నారు.

మిర్యాలగూడ సభ్యురాలు: అవునండీ. పాట పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట మెల్లగా జరుపుతూ పోతే, వెనుక చెక్క కింది మూల దగ్గర పొగ దెబ్బదెబ్బకూ పక్కకు తూలింది. రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి అక్కడ మెత్తిన తరువాతనే ఈల ఆగింది.

గద్వాల సభ్యుడు:

పెద్ద కన్నమే వేసినఁ బెద్ద మోత
వచ్చు ననుకొని రంపముఁ దెచ్చి కోయ
గుండె లదరఁగ నిలువెల్లఁ గుదిపి వేసి
కన్నమున్నట్టి పెట్టెయే ఘనత గాంచె.

వనపర్తి సభ్యుడు: రెండవ పాదంలో ‘వ’కు ‘దె’తో యతి చెల్లదు గదా?

నిర్వాహకుడు: అక్కడున్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల మైత్రికి బదులు రెండవ అక్షరాల పోలిక. ‘వచ్చు’, ‘దెచ్చి’ రెండింటిలోనూ గురువు మీద ‘చ్చ’ వచ్చింది. తేటగీతిలో అది సమ్మతమే. దోషం ఛందస్సులో లేదు, అర్థంలో ఉన్నది. 50 లీటర్ల పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం సుమారు 31 సెంటీమీటర్ల పొడవుంటే 35 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అదే 15 సెంటీమీటర్ల వ్యాసానికి పోతే, ఆ స్వరాన్నే నిలుపుకోవడానికి గొట్టం దాదాపు 75 సెంటీమీటర్లు కావాలి. గొట్టమే లేకుండా చెక్కకు అంత కన్నం కోసి వదిలితే 80 హెర్ట్జ్ దాటిన చోట ఊగి, ఒకే రకంగా డబడబలాడుతుంది. ఆ కిందికి దిగిన స్వరాలకు కోన్ పట్టు తప్పి కొట్టుకొంటుంది. పద్యంలో గుండెలు అదిరాయన్నారు గాని, నిజానికి అదిరి ఉండవలసింది కోన్.

గద్వాల సభ్యుడు: నిజమే గురువుగారూ, కోసింది సరిగ్గా 15 సెంటీమీటర్లే, గొట్టమూ పెట్టలేదు. మొదటి పాదాన్ని ‘కొలత చూచియే వేసినఁ గొప్ప మోత’ అని మార్చుకొంటున్నాను. పద్యం ఒక్క పాదంతో సరిపోయింది గాని, పెట్టెకు మాత్రం ముందు చెక్క మొత్తం కొత్తది వేయాలి.