పరిగెత్తిన మూడో కిలోమీటరుకు మోకాలి చిప్ప వెనక నొప్పి: లోపం షూలోనా, అడుగులోనా?

శనివారపు_నడక (తిరుపతి)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు, బరువు 78 కిలోలు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున పరిగెత్తుతున్నాను. బాలాజీ కాలనీలో బయలుదేరి, అలిపిరి మీదుగా జూపార్కు రోడ్డులో కొంత దూరం వెళ్లి వెనక్కి వస్తే ఎనిమిది కిలోమీటర్లవుతుంది. దానికి నాకు 56 నిమిషాలు పడుతుంది. దీనికి తోడు రెండు నెలలుగా ప్రతి శనివారం అలిపిరి మెట్లు ఎక్కుతున్నాను.

ఆరు వారాల నుంచి కుడి మోకాలి చిప్ప వెనక, చుట్టూ నొప్పిగా ఉంటోంది. మొదటి రెండు కిలోమీటర్లు ఏమీ తెలియదు. మూడో కిలోమీటరులో మొదలై ఇంటికి చేరేదాకా వదలదు. ఆఫీసులో గంటసేపు కూర్చుని లేచినప్పుడూ, మేడ మెట్లు దిగేటప్పుడూ కూడా బాధిస్తుంది. వాపు లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఒక షూ దుకాణంలో నా పాదం చదునుగా ఉందనీ, నొప్పికి అదే కారణమనీ చెప్పి తొమ్మిది వేల రూపాయల జత అంటగట్టారు. తేడా ఏమీ కనిపించలేదు. ఇంట్లో పెద్దలేమో, నలభై దాటాక పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయి, మానుకోమంటున్నారు.

నేను మడమ ముందు మోపి పరిగెత్తుతాను. మునివేళ్ల మీద పరిగెత్తడం నేర్చుకుంటే ఈ నొప్పి పోతుందా? అసలు శరీరం పరుగును ఎలా మోస్తుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

తుమ్మలగుంట_పరుగు

నమస్కారమండీ. ముందుగా మీ పెద్దల మాట గురించి. సరదాకీ ఆరోగ్యానికీ పరిగెత్తేవారిలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల, అసలు పరిగెత్తనివారిలో కంటే తక్కువగా ఉందని 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది: పరిగెత్తేవారిలో నూటికి 3.5, పరిగెత్తనివారిలో 10.2. పోటీల కోసం తీవ్రంగా పరిగెత్తేవారిలో మాత్రం అది 13.3గా ఉంది. వారానికి ముప్పై కిలోమీటర్లవారు ఆ మూడో వర్గంలోకి రారు కాబట్టి ఆ భయాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక శరీరం సంగతి. నడకలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉంటుంది. పరుగులో మాత్రం రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటుంటుంది. ఆ తర్వాత నేలకు దిగే ఒంటి కాలు మొత్తం శరీరాన్ని పట్టుకోవాలి. అప్పుడు నేల తిరిగి నెట్టే బలం శరీర బరువుకు రెండింతల నుంచి మూడింతల దాకా ఉంటుంది, అంటే మీ విషయంలో దాదాపు 160 నుంచి 230 కిలోలు. ఇది పాదం కింద లెక్క మాత్రమే. మోకాలు వంగి ఉండగా తొడ ముందు కండరం బిగుసుకుని చిప్పను తొడ ఎముకకు అదుముతుంది కనుక చిప్ప వెనక ఒత్తిడి ఇంకా ఎక్కువ: చదును నేల మీద నడకలో శరీర బరువుకు అటూఇటూగా, మెట్ల మీద సుమారు మూడింతలు, పరుగులో ఐదింతల దాకా. మీరు గంటసేపు కూర్చున్నా నొప్పి రావడానికి కారణం ఇదే కావచ్చు; మడిచిన మోకాలిలో చిప్ప అదిమిపెట్టి ఉంటుంది.

ఇంత బరువు మోయడానికే కాలు పుట్టింది, అందులో వింతేమీ లేదు. పాదం ఎక్కడ పడుతోందన్నదే నేను అడిగే ప్రశ్న. మనలో చాలామంది వేగం కోసం పెద్ద పెద్ద అంగలు వేస్తారు. పాదం శరీరానికి బాగా ముందు పడి, మోకాలు దాదాపు నిటారుగా ఉండగా మడమ నేలను గుద్దితే, ప్రతి అడుగుకూ మనమే ఒక బ్రేకు వేసి, మళ్లీ మనమే తోసుకుంటున్నట్టు. ఆ బ్రేకు పనిలో ఎక్కువ భాగం మోకాలి మీద పడుతుంది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. విశ్వవిద్యాలయ మైదానంలో ఎవరి చేతికైనా ఫోను ఇచ్చి, మోకాలెత్తులో పట్టుకుని పక్క నుంచి స్లో మోషన్‌లో తీయమనండి. కాస్త అలసిపోయాక తీయించుకోవాలి, ఎందుకంటే మొదటి నిమిషంలో, అందులోనూ కెమెరా ముందు, అందరూ అందంగానే పరిగెత్తుతారు. షూ నేలను తాకిన మొదటి క్షణం దగ్గర వీడియో ఆపి, మోకాలి నుంచి చీలమండ దాకా ఒక గీత ఊహించుకోండి. గీత నిటారుగా ఉంటే మంచిది. చీలమండ ముందుకు పోయి గీత వాలిపోతే మీ అంగ పొడవెక్కువ.

తర్వాత, మామూలు వేగంలో అర నిమిషంపాటు కుడి పాదం ఎన్నిసార్లు పడిందో లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. నిమిషానికి ఎన్ని అడుగులో తెలుస్తుంది. వేగం మార్చకుండా ఆ లెక్కను అయిదు నుంచి పది శాతం పెంచితే మోకాలు భరించే పని గణనీయంగా తగ్గుతుందని 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు ప్రయోగం చేసి చూపించారు. అడుగు పొట్టిదైతే పాదం దానంతటదే శరీరం కిందికి వచ్చి పడుతుంది. మడమా మునివేళ్లా అన్న ఆలోచన అప్పుడు పెద్దగా అవసరం పడదు.

చంద్రగిరి_నివాసి

చిన్న సందేహం. అడుగులు పెంచితే దెబ్బల సంఖ్య కూడా పెరుగుతుంది కదా? ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టు కాదా?

తుమ్మలగుంట_పరుగు

న్యాయమైన సందేహం. నిమిషానికి 156 అడుగులు వేసేవారు 56 నిమిషాల్లో 8,736 అడుగులు వేస్తారు. 164కు పెంచితే 9,184 అవుతాయి. ఒక్కో కాలికి 224 దెబ్బలు ఎక్కువ. కానీ ఎముకా కీలూ లెక్కపెట్టేది సంఖ్యను మాత్రమే కాదు. ఒక్కో దెబ్బ బలం కొద్దిగా తగ్గినా అవి ఓర్చుకోగల దెబ్బల సంఖ్య అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇనుప తీగను పూర్తిగా మడిచి చాపితే నాలుగైదు సార్లకే తెగిపోతుంది, కొద్దిగా వంచి వదిలితే ఎన్నిసార్లయినా ఆగుతుంది.

ఫిజియో_తిరుపతి

నేను పద్నాలుగేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ప్రశ్న వేసినవారు ఒక ముఖ్యమైన విషయం చెప్పలేదు. శనివారం మెట్లెక్కాక కొండ మీది నుంచి బస్సులో వస్తున్నారా, మెట్ల దారినే దిగుతున్నారా? నొప్పి మెట్లెక్కడం మొదలుపెట్టిన రెండు వారాలకే వచ్చిందని మీ లెక్కే చెబుతోంది.

శనివారపు_నడక

మీరు సరిగ్గా పట్టుకున్నారండీ. దర్శనం కోసం కాకుండా వ్యాయామం కోసమే వెళ్తున్నాను కనుక మెట్ల దారినే దిగుతున్నాను. నిజం చెప్పాలంటే ఎక్కేటప్పుడు రెండున్నర గంటలు పడుతుంది. దిగేటప్పుడు దాదాపు పరిగెత్తుతాను. ఆదివారం తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. అయినా సోమవారం పరుగు మానలేదు. క్రమశిక్షణ అనుకున్నాను.

ఫిజియో_తిరుపతి

అయితే మన సంభాషణ అక్కడ మొదలు కావాలి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుంచించుకుంటూ పనిచేస్తాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ బరువును ఆపుతూ కిందికి దించాలి. ఇలా సాగుతూ చేసే పనే కండరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. మర్నాడు, ఆ మర్నాడు వచ్చే తొడల పట్టు దాని ఫలితమే. మోకాళ్ల పర్వతం దగ్గర నిటారు మెట్ల మీద అలసిన కాళ్లతో పరుగులాంటి దిగుడు దిగి, కండరం కోలుకోకముందే సోమవారం ఎనిమిది కిలోమీటర్లు పరిగెడుతున్నారు. బలహీనపడిన కండరం మోయలేని బరువు కీలు మీదికి వెళుతుంది. తుమ్మలగుంటవారు చెప్పిన అంగల విషయం నిజమే, కానీ ఏడాదిన్నర అదే అంగతో మీకు నొప్పి రాలేదన్నది మరచిపోకూడదు. ఈ రెండు నెలల్లో మారింది అడుగు కాదు, భారం.

నా దగ్గరికి వచ్చే పరుగువీరులలో ఎక్కువమంది కథ ఇదే. దూరమో వేగమో ఎత్తుపల్లాలో ఒక్కసారిగా పెంచి ఉంటారు, నింద మాత్రం షూ మీదో పాదం మీదో వేస్తారు. చదును పాదం ఎందరికో పుట్టుకతో ఉంటుంది; అది ఉన్నంత మాత్రాన గాయం తప్పదనడానికి ఆధారం లేదు. దూరాన్ని వారానికి పది శాతం చొప్పున పెంచాలనే సూత్రాన్ని కూడా వేదవాక్కుగా తీసుకోకండి. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్తగా పరిగెత్తేవారిపై దాన్ని పరీక్షిస్తే, మామూలు పద్ధతిలో పెంచినవారికీ వీరికీ గాయాల్లో తేడా కనిపించలేదు. సూత్రం కన్నా మర్నాటి ఉదయం మీ మోకాలు చెప్పే జవాబు నమ్మదగినది.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అద్దం ఎదురుగా ఓ తక్కువ ఎత్తు పీట మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా దిగండి. మోకాలి చిప్ప పాదం రెండో వేలికి సూటిగా ఉందా, లేక బొటనవేలిని దాటి లోపలికి వాలుతోందా? ఎడమ పక్క నడుము కిందికి జారుతోందా? జారితే తుంటి పక్కనుండే కండరానికి బలం చాలడం లేదన్నమాట. రోజంతా కుర్చీలో గడిపేవారిలో నేను దీన్ని తరచుగా చూస్తుంటాను. ఈ పరీక్షే మీకు వ్యాయామం కూడా: రోజు విడిచి రోజు ఒక్కో కాలికి పన్నెండేసి చొప్పున మూడు విడతలు, ఒక్కసారి దిగడానికి మూడు సెకన్లు. దానితోపాటు పక్కకు తిరిగి పడుకుని పై కాలిని ఎత్తి దించడం చేయండి. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటి ఉదయానికి తగ్గిపోతుంటే కొనసాగించవచ్చు. పరుగు పూర్తిగా మానవద్దు. మూడు వారాలపాటు నొప్పి మొదలయ్యే దూరానికి ముందే ఆపి, మిగతాది నడవండి. కొండ దిగడం మాత్రం ప్రస్తుతానికి వద్దు.

మరో హెచ్చరిక. మీకిది వర్తించదు గానీ చదివేవారి కోసం రాస్తున్నాను. మోకాలి కింద ముందు ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉండి, ఒంటికాలిపై గెంతితే గుచ్చుకుంటూ, రాత్రి పడుకున్నా వదలకపోతే, ఆ రోజే పరుగు ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవండి. ఎముకలో సన్నని చీలిక మొదట్లో ఎక్స్‌రేకు దొరకకపోవచ్చు. అలాగే మోకాలు వాచినా, మడత మధ్యలో బిగుసుకుపోయినా ఇంట్లో వ్యాయామాలతో కాలం గడపకూడదు.

చిత్తూరు_మాస్టారు

ముప్పై ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా చిత్తూరు పరిసర గ్రామాల పిల్లలను పరిగెత్తించినవాణ్ణి. ఫిజియోగారి మాటలతో ఏకీభవిస్తూ, మునివేళ్ల పరుగు గురించి ఒక మాట చెప్పదలచాను, ఎందుకంటే ఆ మోజులో నేనే దెబ్బతిన్నాను.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా చెప్పులు లేకుండా పరిగెత్తి గెలిచాడు. మా తరం ఉపాధ్యాయులందరికీ ఆ కథ నోటికి వచ్చు. కానీ నాలుగేళ్లకు టోక్యోలో అదే బికిలా షూ వేసుకుని మళ్లీ గెలిచాడన్నది ఎవరూ చెప్పరు. 2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం, అలవాటుగా ఒట్టి కాళ్లతో పరిగెత్తేవారు ఎక్కువగా పాదం ముందు భాగాన్ని మోపుతారనీ, అప్పుడు మడమ గుద్దినప్పటి తొలి అదురు ఉండదనీ రాసింది. అది చదివి, అప్పటికి యాభై నిండిన నేను ఒక్క వారంలో పద్ధతి మార్చాను. మోకాలికి హాయిగానే అనిపించింది. నెల తిరిగేసరికి మడమ వెనక నరం ఉదయం మంచం దిగితే నేల మీద మోపనివ్వలేదు. మనం నరం అంటాం గానీ అది పిక్కను మడమకు కట్టే స్నాయువు. మునివేళ్లు మోపితే మోకాలి భారం తగ్గుతుంది, నిజమే. కానీ తగ్గిన భారం గాలిలో కలిసిపోదు, పిక్కకూ ఆ స్నాయువుకూ చేరుతుంది.

అది నయం కావడానికి స్వీడన్ వైద్యుడు హకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి పాటించాను. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను మెట్టు మట్టానికి కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు చాపి పదిహేనేసి మూడు విడతలు, వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండు పూటలా, పన్నెండు వారాలు. విసుగు పుట్టించే వ్యాయామమే. మా ఇంటి అరుగు మెట్టు అంచు నా కాళ్లకే నునుపు తేలింది.

ఇక పరుగు తీరుకు ఒకే ఒక్క మంచి అచ్చు ఉందనుకోకండి. ఇథియోపియాకే చెందిన దూరపు పరుగువీరుడు హైలె గెబ్రెసెలాసీ పరుగు చూడండి: ఎడమ చెయ్యి వంచి ఒంటికి దగ్గరగా పెట్టుకునేవాడు, చిన్నప్పుడు పుస్తకాలు చంకలో పెట్టుకుని పది కిలోమీటర్లు బడికి పరిగెత్తిన అలవాటు. ఆ చెయ్యితోనే రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. నొప్పి లేనివాడి అడుగును నేను ముట్టుకోను. మీలా నొప్పి ఉన్నవారికి అడుగు కుదించడం మంచి మందే. చాలామంది చెబుతున్నారు కదా అని నిమిషానికి 180 అడుగులే వేయాలని పట్టుబట్టకండి. ఆ అంకె 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే శిక్షకుడు మేటి పరుగువీరుల అడుగులు లెక్కించి చెప్పినది. వారి వేగం వేరు, మన వేగం వేరు.

ఇంకొకటి. మీరు రోజూ రోడ్డుకు ఒకే అంచున పరిగెత్తుతున్నారా? నీళ్లు పోవడానికి రోడ్డు అంచును పల్లంగా వేస్తారు. ఎప్పుడూ ఒకే వాలు మీద పరిగెడితే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో పడుతుంది. మైదానంలోనైనా వారానికి ఒకసారి ఎదురు దిశలో తిరగండి.

శనివారపు_నడక

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. వీడియో తీసింది మా అమ్మాయి. ఆపి చూస్తే నా మడమ మోకాలికి జానెడు ముందు పడుతోంది. తండ్రినన్న మొహమాటం కూడా లేకుండా నవ్వింది. లెక్కిస్తే సరిగ్గా 156, తుమ్మలగుంటవారు ఉదాహరణకు రాసిన అంకే. పీట మీద పరీక్షలో కుడి మోకాలు వణుకుతూ లోపలికి వాలింది, ఎడమది నిలబడింది.

అడుగుల లయ కోసం ఫోనులో టిక్ టిక్‌మనే తాళం (మెట్రోనోమ్) పెట్టుకుని 164 అడుగులతో రెండేసి నిమిషాలు మొదలుపెట్టాను. మొదటి వారం చిన్నపిల్లల అడుగుల్లా అనిపించి సిగ్గేసింది, పిక్కలు నొప్పి పుట్టాయి. ఇప్పుడు తాళం లేకుండానే 165 దాకా వస్తోంది, వేగం దాదాపు పాతదే. నిన్న ఆరు కిలోమీటర్లు పరిగెత్తాను. అయిదో కిలోమీటరులో కాస్త తెలిసింది, ఈ ఉదయానికి లేదు. కుర్చీలోంచి లేచేటప్పటి నొప్పి పోయింది. జూపార్కు రోడ్డులో మాస్టారు చెప్పిన పల్లం ఉన్న మాట నిజమే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాహనాలకు ఎదురుగా కుడి అంచునే పరిగెత్తేవాణ్ణి. అందుకని వారంలో రెండు రోజులు మైదానానికి మారాను.

రేపటి శనివారం మెట్లెక్కవచ్చా అని ఫిజియోగారిని అడగాలనుకుంటున్నాను.

ఫిజియో_తిరుపతి

ఎక్కండి. ఒకేసారి పూర్తిగా వద్దనుకుంటే శ్రీవారి మెట్టు దారిన వెళ్లండి. దూరం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, మెట్లు 2,388. నిటారుగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఆగుతూ ఎక్కండి. ఆదివారం, సోమవారం పరుగు వద్దు. దిగడానికి బస్సు టికెట్టు కొనుక్కోండి.