ఎనిమిదిలో చేరబోయే అమ్మాయికి వేసవిలో ఏ ఇంగ్లీషు పుస్తకం చదివించాలి?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి పల్లె. మా అన్న కూతురు ఏడో తరగతి పూర్తి చేసింది, జూన్‌లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరుతుంది. ఈ సెలవుల్లో ఏదైనా ఇంగ్లీషు కథల పుస్తకం చదివి, సొంత మాటల్లో రాసుకురమ్మని అక్కడి సారు చెప్పారు కానీ, ఏ పుస్తకమో చెప్పలేదు.

2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చినందున, పిల్ల తెలుగు వైపు చూసే పాఠం అర్థం చేసుకోవడానికి అలవాటు పడింది. తెలుగు లేని పుస్తకం చేతికిస్తే, ప్రతి మాట మీదా పెన్సిలుతో అర్థం రాసుకుంటూ పోయి, పేజీ చివరికొచ్చేసరికి కథే మరిచిపోతోంది.

ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఇమ్మని తెలిసినవారొకరు అన్నారు. బడి, స్నేహాలు, క్రికెట్టు ఉన్న కథే అయినా, 1935 నాటి ఆ వాక్యాలు ఈ పిల్లకు బరువవుతాయేమో! రస్కిన్ బాండ్ ‘ది బ్లూ అంబ్రెల్లా’ చిన్నది, కొండ ఊరి అమ్మాయి కథ కనుక నాకు అదే నయమనిపిస్తోంది. అయితే అది ఒకే కథ కాబట్టి, భాగాలుగా విడదీసి రాయించవచ్చా? తెలియని మాటలను వదిలేసి ముందుకు చదవనివ్వాలా, లేక ఆపి అర్థం చెప్పాలా? ముందు కథను తెలుగులో నోటితో చెప్పించి, తరువాత ఇంగ్లీషులో రాయించడం మంచిదేనా? ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులు దయచేసి చెప్పగలరు.