కోవిడ్‌లో పోయినవాళ్ల కోసం దేశమంతటికీ ఒక స్మృతి దినం ఉండాలా?

తణుకు అమ్మాయి:

మా నాన్న 2021 మే నెలలో పోయారు. ఆసుపత్రి నుంచి తిన్నగా శ్మశానానికే తీసుకెళ్లారు. అన్నయ్యని ఒక్కడినే రానిచ్చారు, అదీ దూరంగా నిలబడమన్నారు. మొత్తం కవరు, పైన జిప్పు. దానికి అంటించిన చీటీ మీద పేరు చదివి, లోపల ఉన్నది నాన్నే అని నమ్మాడు. పదకొండో రోజు భోజనానికి పిలవడానికి ఎవరూ లేరు. వీధిలో సగం ఇళ్లకు అదే పరిస్థితి.

ఇటలీలో ఏటా మార్చి 18న జాతీయ స్మృతి దినం జరుపుతారు. 2020లో ఆ రాత్రే బెర్గామోలో శ్మశానం చాలక, మిలిటరీ లారీలు శవపేటికలను వేరే ఊళ్లకు తీసుకెళ్లాయి. మరుసటి ఏడే చట్టం చేసి ఆ తేదీని ఖాయం చేశారు. మనం కూడా దేశ విభజన బాధితుల కోసం 2021లో ఆగస్టు 14ను ప్రకటించుకున్నాం కదా. అదే ఏడాది మన కళ్లముందు పోయినవాళ్లకు ఒక రోజు ఎందుకు ఉండకూడదు? నాకైతే ఉండి తీరాలనిపిస్తుంది.

రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. మా తమ్ముడు పోయింది కూడా ఆ రోజుల్లోనే. అయినా నేను వద్దనే అంటాను.

మనకు తిథి ఉంది. వైశాఖంలో వాడి తద్దినం పెడతాం. మా మరదలు తెల్లవారుజామునే లేచి గారెలకు పప్పు రుబ్బుతుంది, పిల్లలు వస్తారు, ఆ పూటంతా వాడి కబుర్లే. అంతకంటే ఏం కావాలి? ప్రభుత్వం చేతికిస్తే ఫొటోకి దండ, మైకు, ప్రసంగాలు. గాంధీగారు పోయిన జనవరి 30న ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటించాలి. మనలో ఎంతమందిమి చేతిలో పని ఆపి నిలబడుతున్నాం?

1918 ఇన్‌ఫ్లూయెంజాలో ఈ దేశంలో కోటి మందికి పైగా పోయారు. వాళ్లకు ఏ దినమూ లేదు. జనం ఏడ్చారు, లేచారు, బతికారు.

తణుకు అమ్మాయి:

మాస్టారూ, తిథి పెట్టేవాళ్లున్న ఇంటికి మీ మాట నిజమే. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప చేలల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ల పాప, లాక్‌డౌన్‌లో బస్సుల్లేక ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నడిచి వెళ్తూ ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా చనిపోయింది. టెస్టు చేస్తే కోవిడ్ లేదు. అంటే ఆ పాప ఏ లెక్కలోకీ రాదు. మన చేలో కాయ కోసిన పిల్ల. ఆమెను తలుచుకోవాల్సిన బాధ్యత ఆ ఇంటిది ఒక్కటేనా?

లెక్క గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు 5.33 లక్షలు. 2020, 21 రెండేళ్లలో మామూలు కంటే అదనంగా 47 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. సరే, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లెక్కే చూద్దాం. 2020లో నమోదైన మరణాలు సుమారు 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. వీళ్లంతా ఎవరు? మా నాన్న దగ్గర పాజిటివ్ రిపోర్టు లేదు, ఉన్నది సీటీ స్కాన్. సర్టిఫికెట్‌లో గుండెపోటు అని రాశారు. 50 వేల పరిహారానికి అమ్మ దరఖాస్తు కూడా పెట్టలేదు. నాకు ఆ డబ్బు గురించి బాధ లేదు, కాగితం మీద నాన్న కోవిడ్‌తో పోలేదు, అదీ బాధ.

1918లో పోయినవాళ్లకు ఏ దినమూ లేదన్నారు, అంటే మరిచిపోయాం. అందుకే 2020 మార్చిలో ఏం చేయాలో ఒక్కరికీ తెలియలేదు.

స్టాఫ్ నర్సు:

ఇద్దరివీ చదివాను. నేను అప్పుడు కోవిడ్ వార్డులో చేశాను. పీపీఈ కిట్‌లో చెమటకి గ్లవ్స్ లోపల వేళ్లు నానిపోయేవి. ఆ చేత్తోనే ఫోన్‌కి పాలిథిన్ కవరు తొడిగి, పేషెంట్ మొహం ముందు పట్టుకుని ఇంట్లోవాళ్లకు వీడియో కాల్ కలిపేదాన్ని. ఒక పెద్దాయన భార్యతో, “బర్రెకి కుడితి పెట్టావా?” అని అడిగారు. అదే ఆఖరి మాట.

స్మృతి దినం ఉండాలి, కానీ దండల కోసం కాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఆ తర్వాత దేశమంతా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. ఏటా మే 10న ప్రతి ఆసుపత్రిలో ప్లాంటు ఆన్ చేసి, వార్డులో చివరి బెడ్ దాకా ప్రెషర్ వస్తుందో లేదో అందరి ముందూ చూపించాలి. రాకపోతే ఆ రోజే బోర్డు మీద రాయాలి.

రిటైర్డ్ మాస్టారు:

ప్లాంటు సంగతి బాగుందమ్మా, అది తప్పకుండా చేయాలి. దానికి స్మృతి దినం అని పేరు పెడితే మాత్రం ఆ రోజంతా టీవీల్లో అంబులెన్సులూ చితులూ చూపిస్తారు. మా మరదలు ఇప్పటికీ సైరన్ వినిపిస్తే లేచి వెళ్లి మిక్సీ ఆన్ చేస్తుంది. ఆమెను ఆ రోజు ఎక్కడ దాచుకోమంటారు?

తణుకు అమ్మాయి:

మా అమ్మ చెవులు మూసుకుంటుంది మాస్టారూ. ఎందుకో ఎవరికీ చెప్పదు, మేమూ అడగం. మీ మరదలి గురించి ఇందాక అమ్మకి చదివి వినిపించాను. “ఆవిడది ఏ ఊరు?” అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ విషయం మీద అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.