బత్తాయి తొక్క వాసన: డాకింగ్ స్కోరును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థి, నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా జిల్లా బత్తాయికి పేరుపడినది కనుక, ప్రాజెక్టు కోసం బత్తాయి తొక్క నూనెలోని రెండు అణువులను ఎంచుకున్నాను. ఒకటి నూనెలో తొంభై శాతానికి పైగా ఉండే లిమొనీన్, రెండవది కొద్దిపాటిగానే ఉండే ఆక్టనాల్ (octanal; ఎనిమిది కార్బన్ల సరళ గొలుసు ఆల్డిహైడ్, ఆల్కహాలు కాదు). ఎలుక ముక్కులోని ఐ7 అనే ఘ్రాణ గ్రాహకం (వాసన అణువును పట్టుకునే ప్రోటీను) ఆక్టనాల్‌కు బలంగా స్పందిస్తుందని 1998లోనే ప్రయోగంలో తేలింది. ఆ గ్రాహకానికి ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము ఊహించిన ఆకార నమూనాను దింపుకొని, ఆటోడాక్ వీనా అనే ప్రోగ్రాముతో రెండు అణువులనూ డాకింగ్ చేస్తే (అంటే అణువు గ్రాహకంలో ఎలా, ఎంత బలంగా ఇముడుతుందో కంప్యూటరుతో అంచనా వేస్తే), లిమొనీన్ స్కోరే ఆక్టనాల్ కంటే దాదాపు ఒక కిలోకెలొరీ మెరుగ్గా వచ్చింది. లోపం నమూనాలో ఉందా, ప్రోగ్రాములో ఉందా, లేక నేను వేస్తున్న ప్రశ్నలోనే ఉందా? దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

మీ మూడవ అనుమానమే అన్నిటికంటే బలమైనది, కాని ముందుగా స్కోరు సంగతి చూద్దాం. వీనా లెక్కలో అణువులోని తిరగగల బంధాలు ఎక్కువైన కొద్దీ స్కోరు తగ్గుతుంది. ఆక్టనాల్ పొడవాటి గొలుసు కనుక అలాంటి బంధాలు ఆరు దాకా ఉంటాయి. ఉంగరపు ఆకారంలో బిగుసుకుని ఉన్న లిమొనీన్‌కు ఒక్కటే ఉంటుంది. పైగా లిమొనీన్‌కు హైడ్రోజన్ బంధం కోసం వెతకవలసిన పని లేదు, ఎందుకంటే అది వట్టి హైడ్రోకార్బన్. గ్రాహకంలో అణువు కూర్చునే నూనె స్వభావం గల గుంటలో (పాకెట్‌లో) అది ఎక్కడైనా ఇమిడిపోతుంది. ఇలాంటి స్కోర్లలో రెండు మూడు కిలోకెలొరీల పొరపాటు మామూలు విషయం. గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 1.4 కిలోకెలొరీల తేడా అంటే బంధన బలంలో పదిరెట్ల తేడా అని గుర్తుంచుకుంటే, మీకు వచ్చిన ఒక కిలోకెలొరీ మీద ఏ నిర్ణయమూ నిలబడదని తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, స్కోరు చెప్పేది అతుక్కోవడం గురించి మాత్రమే. గ్రాహకం ఆకారం మార్చుకుని, కణం లోపల సంకేతాన్ని అందుకునే జి-ప్రోటీనును ప్రేరేపిస్తేనే నాడికి సంకేతం వెళుతుంది. బస్సులో సీటు దొరికినంత మాత్రాన బస్సు కదిలినట్టు కాదు. ఇదే ఐ7 మీద 2008లో జరిగిన పనిలో, ఆక్టనాల్ గొలుసును ఉంగరాలతో బిగించి, ఎక్కువ వంపులు తిరగకుండా చేసిన అణువులు కొన్ని గ్రాహకానికి అతుక్కున్నా దానిని ప్రేరేపించలేదు, సరికదా ఆక్టనాల్‌ను అడ్డుకున్నాయి. మీ డాకింగ్ ఆ రెండు రకాలనూ వేరు చేయలేదు. మరొక చిక్కు కూడా ఉంది: ఆల్డిహైడ్లు నీటితో కలిసి కొంతమేరకు డయోల్ (రెండు ఓహెచ్ సమూహాలున్న) రూపంలోకి మారుతాయి, ఐ7 గుర్తించేది ఆ రూపాన్నేనన్న వాదన 2014లో వెలువడింది. కనుక మీరు ఏ రూపాన్ని గీసి డాకింగ్‌కు ఇచ్చారన్నది నివేదికలో తప్పక రాయండి.

సమాధానం 2 (పరిశోధక విద్యార్థిని, సూర్యాపేట)

నమూనా గురించి నేను కొంత చేరుస్తాను. మానవ ఘ్రాణ గ్రాహకపు నిర్మాణం మొట్టమొదట 2023లో క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో బయటపడింది. అది ప్రొపియొనేట్ అనే చిన్న ఆమ్లపు రూపాన్ని పట్టుకుని ఉన్న ఓఆర్51ఈ2 అనే గ్రాహకం. చిన్న పాకెట్‌లో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఆ ఆమ్లపు ఋణావేశాన్ని పట్టుకుని ఉంటుంది. పాకెట్ గోడలోని పెద్ద అమైనో ఆమ్లాలను చిన్నవాటితో మారిస్తే, పొడవైన ఆమ్లాలకు కూడా గ్రాహకం స్పందించింది. అయితే అది మొదటి తరగతి గ్రాహకం, మీ ఐ7 రెండవ తరగతికి చెందినది, అందువల్ల దానినే అచ్చుగా వాడుకోవడం సరికాదు. సహజ గ్రాహకాలు ప్రయోగశాల కణాలలో సరిగా తయారు కావు కనుక, అనేక గ్రాహకాల వరుసలలో ఉమ్మడిగా కనిపించే అమైనో ఆమ్లాలతో కూర్చిన కృత్రిమ గ్రాహకాల నిర్మాణాలు 2024లో వచ్చాయి. వాటిలో రెండవ తరగతివి కూడా ఉన్నాయి, వాటితో మీ నమూనాను పోల్చి చూడండి. ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేది ఒకే ఒక నిలకడ రూపం, అందులో నీరూ లేదు, కణత్వచమూ లేదు.

ప్రశ్నకర్త

ఇద్దరికీ కృతజ్ఞతలు. గైడు గారు అణుగతి సిమ్యులేషన్ (పరమాణువుల కదలికను అడుగడుగునా కంప్యూటరుతో లెక్కించడం) కూడా చేయమంటున్నారు. నా దగ్గర ఉన్నది మామూలు ల్యాప్‌టాప్ మాత్రమే. దానితో సాధ్యమేనా?

సమాధానం 3 (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

గ్రాహకాన్ని లిపిడ్ పొరలో నిలిపి, అటూ ఇటూ నీరు నింపితే, దాదాపు లక్ష పరమాణువులు అవుతాయి. ఒక్కో అడుగు రెండు ఫెమ్టోసెకన్లు, కాబట్టి ఒక మైక్రోసెకను చేరడానికి యాభై కోట్ల అడుగులు వేయాలి. గ్రాహకం పూర్తిగా ఉత్తేజితం కావడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పట్టవచ్చు. జీపీయూ (ఇలాంటి లెక్కలను వేగంగా చేసే గ్రాఫిక్స్ చిప్) లేని ల్యాప్‌టాప్‌తో అది జరిగే పని కాదు. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి సూపర్ కంప్యూటరు మీద సమయం దొరుకుతుందేమో మీ గైడు గారి ద్వారా అడిగి చూడండి.

ఈలోగా ల్యాప్‌టాప్ మీదనే చేయదగిన పని ఒకటి ఉంది. ఐ7 ఏడు నుంచి పది కార్బన్ల సరళ గొలుసు ఆల్డిహైడ్లకు స్పందిస్తుంది, ఆక్టనాల్ లాంటి గొలుసే ఉన్నా ఆల్కహాలుకూ ఆమ్లానికీ స్పందించదు. నాలుగు నుంచి పన్నెండు కార్బన్ల ఆల్డిహైడ్లతో పాటు ఎనిమిది కార్బన్ల ఆల్కహాలును, ఆమ్లాన్ని కూడా డాకింగ్ చేసి, ప్రయోగ ఫలితాల పక్కన పట్టికగా పెట్టండి. గొలుసు పెరిగిన కొద్దీ స్కోరు పెరుగుతూ పోతుందనీ, ఆల్కహాలుకూ ఆల్డిహైడ్‌కూ తేడా కనిపించదనీ నా అంచనా. లిమొనీన్‌ను ఆ పట్టికలో చివరి వరుసగా చేర్చవచ్చు.